జ్వరాన్ని రోజు లెక్కన రాసిపెట్టిన వైద్యులు

(వైద్య విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం.

ప్రాచీన గ్రీకు వైద్యం గురించి మాట్లాడమని అడిగారు. ఈ విషయాన్ని మామూలుగా రక్తం, శ్లేష్మం, పిత్తం అంటూ సిద్ధాంతంతో మొదలుపెడతారు. నేను ఒక రోగితో మొదలుపెడతాను. మీరు రేపు వార్డులో చూడబోయేది రోగినే కాబట్టి.

ఆయన పేరు ఫిలిస్కస్. ఏజియన్ సముద్రం ఉత్తర భాగంలో థాసోస్ అనే ద్వీపం ఉంది. అక్కడ ఊరి ప్రాకారం పక్కన ఉండేవాడు. దాదాపు 2400 ఏళ్ల కిందటి మాట. మొదటి రోజు తీవ్రమైన జ్వరంతో మంచమెక్కాడు, చెమటలు పట్టాయి, రాత్రికి ఇబ్బంది పడ్డాడు. రెండో రోజు అన్నీ పెరిగాయి. సాయంత్రం చిన్న ఎనీమా ఇస్తే విరేచనం సాఫీగా అయింది, ఆ రాత్రి ప్రశాంతంగా గడిచింది. మూడో రోజు పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా జ్వరం లేనట్టే ఉంది. సాయంత్రానికి మళ్లీ జ్వరం, చెమట, దాహం. నాలుక ఎండిపోయింది. మూత్రం నల్లగా వచ్చింది. రాత్రంతా నిద్ర లేదు, పూర్తిగా సంధి మాటలు. నాలుగో రోజు ఇంకా క్షీణించాడు. ఐదో రోజు మధ్యాహ్నం ముక్కు నుంచి కాస్త రక్తం కారింది. ఆ రాత్రి కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి, ఎంత చేసినా వెచ్చబడలేదు. మాట పడిపోయింది. ఆరో రోజు మధ్యాహ్నానికి చనిపోయాడు. చివర్లో వైద్యుడు రెండు ముక్కలు చేర్చాడు. ప్లీహం ఉబ్బి గుండ్రంగా పైకి తేలింది. ఊపిరి మొదటినుంచీ చివరిదాకా, ఊపిరి తీసుకోవాలని గుర్తు తెచ్చుకుని తీసుకుంటున్నట్టు, అరుదుగా, పెద్దగా ఉంది.

ఊపిరి గురించి రాసిన ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగండి. చెయిన్-స్టోక్స్ బ్రీదింగ్ అని మీరు ఫిజియాలజీలో చదివారు, ఊపిరి క్రమంగా పెద్దదై, మళ్లీ తగ్గి, కాసేపు ఆగిపోయే తీరు. చెయిన్, స్టోక్స్ ఇద్దరూ 19వ శతాబ్దంలో డబ్లిన్‌లో పనిచేసిన డాక్టర్లు. చెయిన్ దాన్ని 1818లో వర్ణించాడు. దాని గురించే కావచ్చు అనిపించే వర్ణన, అంతకు రెండు వేల ఏళ్లకు పైగా ముందే ఒకాయన రోగి మంచం పక్కన కూర్చుని రాశాడు. స్టెతస్కోప్ లేదు, చేతికి గడియారం లేదు.

ఈ కేసు 'ఎపిడెమిక్స్' అనే గ్రంథం మొదటి భాగంలో ఉంది. మొదటి, మూడో భాగాల్లో కలిపి ఇలాంటివి 42 కేసులున్నాయి. వాళ్లలో సగానికి పైగా చనిపోయారు. రాసినాయన దాచలేదు. "నా మందు వేసుకుని ఉంటే బతికేవాడు" అనలేదు, దేవుడి మీద నెట్టలేదు, రోగి పథ్యం చెడగొట్టాడని కూడా అనలేదు. ఏ రోజు ఏం జరిగిందో రాసి, "చనిపోయాడు" అని ముగించాడు. గ్రీకు వైద్యం మనకిచ్చిన వాటిలో అన్నిటికన్నా విలువైనది ఇదేనని నా అభిప్రాయం. వాళ్ల సిద్ధాంతం చాలావరకు తప్పు. ఈ అలవాటు మాత్రం సరైనది.

ఫిలిస్కస్‌కు ఏమై ఉంటుంది? ప్లీహం వాపు, వచ్చి పోయే జ్వరం, నల్లటి మూత్రం. మలేరియా ముదిరి బ్లాక్‌వాటర్ ఫీవర్, అంటే ఎర్ర రక్తకణాలు పగిలి మూత్రం నల్లబడే జ్వరం, అయి ఉంటుందని ఆ కేసు చదివిన డాక్టర్లు ఊహించారు. గ్రీకు వైద్యులకు మలేరియా నిత్యం ఎదురయ్యేది. రోజు విడిచి రోజు వచ్చే జ్వరం, మూడు రోజులకోసారి తిరిగొచ్చే జ్వరం అని వాళ్లు విడివిడిగా పేర్లు పెట్టుకున్నారు. 'గాలులు, నీళ్లు, ప్రదేశాలు' అనే ఇంకో గ్రంథం ఉంది. వైద్యుడు కొత్త ఊరికి వెళ్తే ముందు అక్కడి గాలి ఎటునుంచి వీస్తుంది, జనం ఏ నీళ్లు తాగుతారు, నేల ఎలాంటిది, ఏం తింటారు అని చూసుకోవాలంటుంది. నిలవనీటి మడుగుల దగ్గర బతికేవాళ్లకు ప్లీహం పెద్దదై గట్టిపడుతుందని, భుజాలూ ముఖమూ చిక్కిపోతాయని అందులో స్పష్టంగా ఉంది. మడుగుకూ జబ్బుకూ సంబంధం ఉందని పట్టుకున్నారు. తాగే నీటివల్ల అనుకున్నారు, అది పొరపాటు. మధ్యలో దోమ ఉందని తేలడానికి 1897 ఆగస్టు 20 దాకా ఆగాల్సి వచ్చింది. ఎక్కడ తేలిందో మీకు చెప్పనక్కర్లేదు. మన సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన దోమ పొట్ట గోడలో ఆ క్రిమి దశను చూశాడు. బేగంపేటలో ఆ పాత భవనం ఇంకా ఉంది. వెళ్లి చూడండి.

సరే, ఇంతకీ ఎవరీ వైద్యులు? హిప్పోక్రటీస్ క్రీ.పూ. 460 ప్రాంతంలో కాస్ ద్వీపంలో పుట్టాడు. ఆయన పేరు మీద మనకు దాదాపు 60 గ్రంథాలు దొరికాయి. అన్నీ ఆయన రాసినవి కావు. పలువురు, పలు కాలాల్లో రాశారు, ఒకరినొకరు ఖండించుకున్నారు కూడా. అందుకే నేను "హిప్పోక్రటీస్ చెప్పాడు" అనకుండా "ఆ గ్రంథంలో ఉంది" అంటున్నాను.

వాళ్లకు పోటీగా దేవాలయాలుండేవి. పోటీ అనడం కూడా పూర్తిగా సరికాదు, ఎందుకంటే వైద్యులు ఆస్క్లీపియస్ అనే వైద్య దేవుణ్ణి కొలిచేవాళ్లే. ఎపిడారస్‌లో ఆయన పెద్ద గుడి ఉంది. రోగులు స్నానం చేసి, బలి ఇచ్చి, రాత్రి గుడి ఆవరణలోనే ఒక మండపంలో పడుకునేవాళ్లు. కలలో దేవుడు కనిపించి కోసేవాడు, మందు పోసేవాడు, లేదా ఏం చెయ్యాలో చెప్పేవాడు. నయమైనవాళ్ల కథలు క్రీ.పూ. 4వ శతాబ్దంలో రాతి ఫలకాల మీద చెక్కించారు. ఏథెన్స్ నుంచి ఆంబ్రోసియా అని ఒక కన్ను కనిపించని ఆమె వచ్చింది. ఆ కథలు చదివి నవ్వింది, కుంటివాళ్లు, గుడ్డివాళ్లు ఒక్క కలతో బాగవడమేమిటని. దేవుడు కలలో కనిపించి, నయం చేస్తాను గానీ నీ అజ్ఞానానికి గుర్తుగా వెండి పంది చేయించి ఇవ్వాలి అన్నాడు. కన్ను కోసి మందు పోశాడు. తెల్లారేసరికి చూపు వచ్చింది. ఫలకం మీద అలా ఉంది.

ఆ గుడిని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. ఎక్కడా నయం కానివాళ్లకు అదే చివరి ఆశ. విశ్రాంతి, మంచి గాలి, శుభ్రమైన నీళ్లు, పట్టించుకునే మనుషులు అక్కడ ఉండేవాళ్లు. కానీ ఎపిడారస్ ఫలకాలు నయమైనవాళ్ల గురించి మాత్రమే చెబుతాయి. నయం కాకుండా తిరిగి వెళ్లినవాళ్లకు అక్కడ రాయి లేదు. థాసోస్ వైద్యుడి పుస్తకంలో చనిపోయినవాళ్లకు చోటుంది. రెంటికీ ఉన్న తేడా నాకు అక్కడే కనిపిస్తుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన గ్రంథం దగ్గరికి వస్తాను. పేరు 'పవిత్ర రోగం'. అంటే మూర్ఛ, మనం ఫిట్స్ అంటాం కదా, అది. అప్పట్లో అది దేవతలు పంపిన జబ్బని నమ్మేవాళ్లు. శుద్ధి చేసేవాళ్లని, మంత్రగాళ్లని కొందరుండేవాళ్లు. స్నానం చెయ్యొద్దు, నల్ల బట్టలు కట్టొద్దు, మేక తోలు మీద పడుకోవద్దు అని ఆంక్షలు పెట్టేవాళ్లు. ఈ గ్రంథకర్త వాళ్లను నిలదీస్తాడు. ఈ జబ్బు మిగతా జబ్బులకన్నా ఎక్కువ పవిత్రమేమీ కాదు, దీనికీ ఒక ప్రకృతి ఉంది, కారణం ఉంది, మనుషులు తమ తెలియనితనంవల్ల దీన్ని దైవికం అన్నారు అంటాడు. కారణం మెదడులో ఉందంటాడు. మన సంతోషం, దుఃఖం, ఆలోచన, పిచ్చి, భయం అన్నీ మెదడు నుంచే వస్తాయని తేల్చి చెబుతాడు. ఆ కాలానికి అది మామూలు సంగతి కాదు. ఆయన తర్వాత వచ్చిన అరిస్టాటిల్ అంతటివాడు కూడా ఆలోచనకు స్థానం గుండె అన్నాడు.

అంతటితో ఆగడు, రుజువు చూపిస్తాడు. మేకలకు కూడా ఈ జబ్బు వస్తుంది, దాని తల కోసి చూడండి, మెదడు తడిగా, నీరు నిండి, దుర్వాసన వేస్తుంటుంది, దాని శరీరాన్ని చెడగొట్టింది దేవుడు కాదు, జబ్బే అని అప్పుడు మీకే తెలుస్తుంది అంటాడు. కోసి చూడండి అన్న ఆ మాట నన్ను ఎప్పుడు చదివినా కదిలిస్తుంది. చెప్పిన కారణం తప్పే. తల నుంచి కిందికి దిగే శ్లేష్మం రక్తనాళాల దారిని మూసేస్తుందని ఆయన అనుకున్నాడు. కానీ అడిగిన తీరు ఈనాటి న్యూరాలజీ వార్డులో అడిగే తీరే.

మన ఊళ్లలో ఈరోజుకీ ఫిట్స్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెడతారు, ఇనప ముక్క పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. ఫిట్స్ ఉన్న ఆడపిల్ల సంగతి పెళ్లి కుదిరేదాకా దాచిపెడతారు. మధ్యలో మందులు ఆపేస్తారు. ఆ దాపరికంవల్ల ప్రాణాలు పోతాయి. 2400 ఏళ్ల కిందటి ఆ వైద్యుడి వాదన మన దగ్గర ఇంకా పూర్తికాలేదు.

ఇక సిద్ధాంతం. దక్షిణ ఇటలీలోని క్రోటన్‌కు చెందిన ఆల్క్‌మయాన్, శరీరంలో చలి, వేడి, తడి, పొడి లాంటి శక్తులు సమంగా ఉంటే ఆరోగ్యమని, ఒకటి మిగతావాటి మీద పెత్తనం చేస్తే జబ్బని అన్నాడు. రాజకీయాల భాషలో చెప్పాడు చూడండి. నగర రాజ్యాల్లో బతికిన మనిషి. ఆ తర్వాత 'మానవ ప్రకృతి' అనే గ్రంథంలో నాలుగు రసాలు వచ్చాయి. దాన్ని హిప్పోక్రటీస్ అల్లుడు పాలిబస్ రాశాడని అంటారు. రక్తం, శ్లేష్మం, పసుపు పిత్తం, నల్ల పిత్తం. శీతాకాలంలో శ్లేష్మం, వసంతంలో రక్తం, ఎండాకాలంలో పసుపు పిత్తం, శరత్తులో నల్ల పిత్తం పెరుగుతాయి. చలికాలంలో జలుబు, వేసవిలో పైత్యం వాంతులు ఎవరైనా చూసేవే కాబట్టి లెక్క కుదిరినట్టే కనిపించింది. నల్ల పిత్తం అనే ద్రవం శరీరంలో లేనే లేదు. గాజు పాత్రలో రక్తం నిలవ ఉంచితే అడుగున నల్లటి గడ్డ, పైన ఎర్రటి పొర, దాని మీద తెల్లటి పొర, పసుపు నీరు తేలతాయి, నాలుగు రసాలనే ఆలోచన అక్కడ పుట్టి ఉండవచ్చని స్వీడన్ డాక్టర్ ఫోరియస్ సూచించాడు.

వాళ్లలోనే దీన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. 'ప్రాచీన వైద్యం' అనే గ్రంథకర్త, వేడి చలి అంటూ ఒక ఊహను పట్టుకుని వైద్యమంతా దానికి కట్టేయడం తప్పన్నాడు. ఆయన దృష్టిలో వైద్యం వంటింట్లో పుట్టింది. పచ్చి గింజలు తింటే బాధపడ్డ మనిషి దంచడం, ఉడకబెట్టడం నేర్చుకున్నాడు. ఆరోగ్యంగా ఉన్నవాడి తిండి జబ్బుమనిషికి పడదని చూసి పల్చటి జావ కాచాడు. చేసి చూసి, తెలుసుకున్నదాన్ని దాచుకుంటూ రావడమే వైద్యం. ఆ చిన్న గ్రంథం పక్షం నాది.

చికిత్సలో కూడా మొదటి స్థానం ఆహారానికే. బార్లీ కాచి జబ్బుమనిషికి ఇచ్చేవాళ్లు, మనం జ్వరం వచ్చినవాళ్లకు గంజి ఇచ్చినట్టు. గింజలతో ఎప్పుడివ్వాలి, వడగట్టి ఎప్పుడివ్వాలి, ఎప్పుడు అసలు ఇవ్వకూడదు అని పేజీలకు పేజీలు వాదించుకున్నారు. తేనె, వెనిగర్ కలిపిన నీళ్లు, తేనె నీళ్లు కూడా ఇచ్చేవాళ్లు. జబ్బు తెచ్చిన రసం శరీరం వేడికి పక్వమై బయటికి పోతుందని, దానికి 7వ రోజు, 14వ రోజు లాంటి నిర్ణయాత్మకమైన రోజులుంటాయని నమ్మేవాళ్లు. ఆ రోజుల్లో రోగి గట్టెక్కడమో పోవడమో తేలుతుంది. యాంటీబయాటిక్స్ లేని కాలంలో న్యుమోనియా జ్వరం వారం తిరిగేసరికి ఒక్కసారిగా దిగడం డాక్టర్లు కళ్లారా చూశారు. కాబట్టి రోజుల లెక్క గుడ్డి నమ్మకం కాదు.

విరేచనాలకు, వాంతులకు హెల్లెబోర్ అనే మొక్క వేరు వాడేవాళ్లు. అది విషం. హెల్లెబోర్ తర్వాత ఈడ్పు వస్తే చావేనని వాళ్ల సూత్రాల్లోనే రాసుకున్నారు. ఎముకల పనిలో మాత్రం వాళ్లు నిజంగా గొప్పవాళ్లు. భుజం జారితే చంకలో మడమ పెట్టి చెయ్యి లాగే పద్ధతిని ఆర్థోపెడిక్స్ పుస్తకాలు ఇప్పటికీ హిప్పోక్రటిక్ పద్ధతి అంటాయి. ఛాతీలో చీము చేరిందా అని రోగిని కుర్చీలో కూర్చోబెట్టి, భుజాలు పట్టుకుని కుదిపి, లోపల నీళ్ల చప్పుడు వినేవాళ్లు. చప్పుడు ఉన్నచోట పక్కటెముకల మధ్య కోసి, చీమును ఒక్కసారిగా తీయకుండా రోజూ కొంచెం కొంచెంగా తీసి, గాయంలో నారబట్ట వత్తి పెట్టేవాళ్లు. ఇలాంటి రోగులకు వేలి గోళ్లు వంపు తిరగడం కూడా వాళ్లు చూసి రాసిందే.

వాళ్ల సిద్ధాంతం వాళ్లకు అడ్డుపడిన చోటు ఏథెన్స్. క్రీ.పూ. 430లో అక్కడ మహమ్మారి వచ్చింది. దాని గురించి రాసినవాడు వైద్యుడు కాదు, చరిత్రకారుడు థుసిడిడీస్. ఆయనకూ ఆ జబ్బు వచ్చి తగ్గింది. రోగుల దగ్గరికి వెళ్లింది వైద్యులు కాబట్టి వాళ్లే ఎక్కువగా చనిపోయారని, ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకు మళ్లీ ప్రాణాంతకంగా రాలేదని, వాళ్లే భయం లేకుండా మిగతావాళ్లకు సేవ చేశారని రాశాడు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోవడం, ఒకసారి వస్తే రక్షణ రావడం, రెండూ అందులో ఉన్నాయి. రసాల లెక్కలో, గాలి లెక్కలో కూరుకుపోయిన వైద్య గ్రంథాల్లో అంటుకోవడం గురించి ఇంత స్పష్టత లేదు.

ఈజిప్టులోని అలెగ్జాండ్రియా గురించి త్వరగా చెప్పి ముందుకు వెళ్తాను. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అక్కడ హెరోఫిలస్, ఎరాసిస్ట్రాటస్ మనిషి శవాలను కోసి చూశారు. నరాలు వేరు, రక్తనాళాలు వేరు అని గుర్తించారు, గుండె కవాటాలను వర్ణించారు. హెరోఫిలస్ నీటి గడియారంతో నాడి కొలిచాడు. జైలు నుంచి తెచ్చిన నేరస్తులను బతికుండగానే కోశారని రోమన్ రచయిత సెల్సస్ రాశాడు. అది నిజమైతే, వాళ్లకు ఎంత తెలిసినా ఆ పని క్షమించరానిది.

గాలెన్ క్రీ.శ. 129లో పెర్గమాన్‌లో పుట్టాడు. గ్లాడియేటర్లకు వైద్యుడిగా గాయాలు కుట్టాడు, రోమ్ వెళ్లి చక్రవర్తి మార్కస్ ఆరేలియస్ దగ్గర వైద్యుడయ్యాడు. గొప్ప ప్రయోగకారుడు. జంతువు మూత్రనాళాలు ముడివేసి, మూత్రం కిడ్నీల నుంచే వస్తుందని చూపాడు. పంది అరుస్తుండగా గొంతు నరం కోసి, అరుపు ఆగిపోవడం అందరి ముందూ చూపించాడు. ధమనుల్లో గాలి కాదు, రక్తం ఉందని నిరూపించాడు. కానీ మనిషిని కోసే అవకాశం లేక కోతుల్లో, పందుల్లో చూసినదాన్ని మనిషికి అంటగట్టాడు. నాలుగు రసాలను అన్నిటికీ సమాధానం చేశాడు. చికిత్స పేరుతో రోగి ఒంట్లోంచి రక్తం తీయడం వద్దన్న ఎరాసిస్ట్రాటస్ శిష్యుల మీద ప్రత్యేకంగా గ్రంథాలే రాశాడు. ఆయన వాదన అంత బలంగా ఉండటమే కష్టం తెచ్చింది. తర్వాతివాళ్లు రోగిని చూడటం మానేసి గాలెన్‌ను చదివారు. శరీర నిర్మాణంలో ఆయన తప్పులు 1543లో వెసాలియస్ చెప్పేదాకా, రక్త ప్రసరణ 1628లో హార్వీ చెప్పేదాకా నిలిచాయి. రక్తం తీయడం ఇంకా ఎక్కువకాలం నిలిచింది. 1799లో గొంతు వాచిన జార్జ్ వాషింగ్టన్‌కు ఒక్క రోజులో పలుమార్లు రక్తం తీశారు. ఆ రాత్రే పోయాడు.

దాన్ని ఆపే పని మొదలుపెట్టింది కొత్త సిద్ధాంతం కాదు. పారిస్‌లో పియెర్ లూయీ అనే డాక్టర్ న్యుమోనియా రోగుల కేసులు ఒక్కొక్కటే రాసి, లెక్కపెట్టి 1835లో అచ్చువేశాడు. 77 మంది. జబ్బు మొదటి నాలుగు రోజుల్లో రక్తం తీసినవాళ్లలో 44 శాతం చనిపోయారు. ఆ తర్వాత తీసినవాళ్లలో 25 శాతం. సంఖ్య చిన్నదే, పోలికలో లోపాలూ ఉన్నాయి. కానీ థాసోస్ వైద్యుడిలాగే, చనిపోయినవాళ్లను కూడా పుస్తకంలోకి ఎక్కించాడు. గ్రీకుల సిద్ధాంతాన్ని కూల్చింది గ్రీకుల అలవాటే అని నేను నమ్ముతాను.

మీలో ఒకరు చీటీ పంపారు, యునానీకి దీనితో సంబంధం ఉందా అని. ఉంది, నేరుగా ఉంది. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో హునైన్ ఇబ్న్ ఇస్హాక్, ఆయన బృందం గాలెన్ గ్రంథాలను సిరియాక్, అరబిక్ భాషల్లోకి తెచ్చారు. ఆ తర్వాత ఇబ్న్ సీనా అనే వైద్యుడు వాటిని క్రమబద్ధం చేశాడు. అది పర్షియా మీదుగా మన దేశానికి వచ్చింది. చార్మినార్ పక్కనున్న నిజామియా ఆసుపత్రిలో హకీములు చెప్పే దమ్, బల్గమ్, సఫ్రా, సౌదా ఆ నాలుగు రసాలే. బుఖ్రాత్ అంటే హిప్పోక్రటీస్, జాలీనూస్ అంటే గాలెన్. ముందు రసాన్ని పక్వం చేసే ముంజిజ్, తర్వాత బయటికి పంపే ముస్‌హిల్ అనే వరుస కూడా గ్రీకులదే. ఆయుర్వేదంలో దోషాలు మూడు, వాటిలో వాతం ఉంది. గ్రీకుల నాలుగింటిలో వాతం లేదు, నల్ల పిత్తం ఉంది. రెంటినీ ఒకటే అనేయకండి.

ఇంకో చీటీ. ఈ వైద్యం డబ్బున్నవాళ్లకేనా అని. మంచి ప్రశ్న. 'ఎపిడెమిక్స్' కేసుల్లో ఆడవాళ్లున్నారు, బానిసలున్నారు. దుఃఖం తర్వాత జ్వరం పట్టి, దుప్పటి కప్పుకుని మాట్లాడకుండా, ఏడుస్తూ నవ్వుతూ ఉన్న ఒక ఇల్లాలి కేసు 21వ రోజు దాకా అంతే ఓపికగా రాశారు. కానీ ప్లేటో 'చట్టాలు' అనే గ్రంథంలో రెండు రకాల వైద్యం గురించి చెప్పాడు. బానిసలను చూసే సహాయకుడు ఒక రోగి దగ్గర్నుంచి ఇంకో రోగి దగ్గరికి పరుగెత్తుతాడు, ఏమీ అడగడు, ఏమీ చెప్పడు, మందు ఆదేశించి వెళ్లిపోతాడు. స్వతంత్రులను చూసే వైద్యుడు రోగితో, ఇంటివాళ్లతో మాట్లాడతాడు, రోగి నుంచి తానూ నేర్చుకుంటాడు, ఒప్పించేదాకా మందు ఇవ్వడు.

మన ప్రభుత్వ ఆసుపత్రుల ఓపీలో పేదవాడికి అందుతున్నది ఇందులో మొదటి రకం. డాక్టర్ చెడ్డవాడు కావడంవల్ల కాదు, ఒక్క డాక్టర్ ముందు అంత పెద్ద లైన్ ఉండటంవల్ల. ఖాళీ పోస్టులు నింపాలి, మాట్లాడే టైమ్ డాక్టర్‌కూ రోగికీ ఇవ్వాలి. నేను ఏ సభకు వెళ్లినా ఇది అడుగుతాను, ఇక్కడ కూడా అడుగుతున్నాను.